పాత సీడీ కొంటున్నారా? ముందు బొమ్మ ఉన్న వైపు చూడండి

నమస్తే అండి. భీమవరంలోనో అమలాపురంలోనో సీడీ షాపుకెళ్లి జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ సీడీ ఉందా అని అడిగే రోజులు మనకి ఎప్పుడూ లేవనుకోండి, ఇప్పుడైతే సీడీ షాపే కనబడదు. రాక్, దాని కొమ్మగా పుట్టిన పోస్ట్-పంక్, అమెరికా నల్లజాతి వాళ్ల బ్లూస్ ఆల్బమ్‌లు సీడీల మీదే కావాలంటే ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ వెతుక్కోవాల్సిందే. ఫోటోలో కింద వైపు రెండు గీతలు కనబడగానే అమ్మో వద్దనేస్తారు చాలామంది. అసలు చూడాల్సింది పై వైపండి బాబూ.

(సీడీని కెమెరాకి దగ్గరగా పట్టుకోవాలి)

ఇదిగో, సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, అందులో దాదాపు అంతా ప్లాస్టిక్కే. పాటల డేటా ఉండే అల్యూమినియం పొర మాత్రం పైన, ఈ బొమ్మకి సరిగ్గా కింద ఉంటుంది, దానికి అడ్డం ఉన్నదల్లా వార్నిష్ లాంటి సన్నటి పూత. కింద వైపు చిన్న గీతలుంటే ప్లేయరే సర్దుకుంటుంది, మరీ ఎక్కువైతే పాలిష్ పట్టించొచ్చు. పై వైపు లోతుగా గీసుకుపోయిందా, ఇక ఆ పాట పోయినట్టే. సీడీ చేతికి రాగానే ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి, సూది బెజ్జాల్లా చుక్కలు చుక్కలుగా వెలుతురు వస్తుంటే అక్కడ అల్యూమినియం పొర లేదని అర్థం. కింద వైపు ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే అది ఎవరో కంప్యూటర్‌లో రైట్ చేసిన కాపీ, ఒరిజినల్ రేటు పెట్టకండి.

సరే, ఏం కొనాలి? రాక్ అయితే ఆల్బమ్ కొనేయండి, కాకపోతే రీమాస్టర్ అని, అంటే పాత రికార్డింగ్ సౌండ్‌ని మళ్లీ సర్ది వేశామని, రాసినంత మాత్రాన బాగుంటుందనుకోవద్దు, కొన్నిట్లో సౌండ్ పెంచేసి డ్రమ్స్‌లో దమ్ము తీసేశారు. పోస్ట్-పంక్‌తో తిరకాసు వేరే. జాయ్ డివిజన్ 1979 ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' తీసుకుని, అందరూ పాడుకునే 'లవ్ విల్ టేర్ అస్ అపార్ట్' ఏదీ అని వెతికితే దొరకదు, ఎందుకంటే అది 1980లో విడిగా వచ్చిన సింగిల్. అది కావాలంటే 1988లో వచ్చిన కలెక్షన్ 'సబ్‌స్టెన్స్' కొనాలి.

బ్లూస్‌లో మాత్రం కలెక్షన్లే కొనండి, నామోషీ ఏం లేదు. అమెరికా బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 37లలో రికార్డు చేసింది 29 పాటలు, ఆయన బతికుండగా ఆల్బమ్ అనేదే రాలేదు. అన్నీ కలిపి 1990లో రెండు సీడీల సెట్‌గా తెచ్చారు. అందులో వినబడే గరగర సీడీ తప్పు కాదు, పాత 78 ఆర్‌పీఎమ్ గ్రామఫోన్ రికార్డుల నుంచి వచ్చింది, దాని కోసం రిటర్న్ పెట్టకండి.

ఇక మన డెల్టా తేమ. వర్షాకాలం వచ్చేసరికి బుక్‌లెట్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, బూజు కూడా పడుతుంది. గోడకి ఆనించి పెట్టకండి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అరలో పడేయండి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా మధ్య నుంచి అంచుకి మెత్తటి గుడ్డతో తిన్నగా లాగాలి.

కొరియర్‌లో డబ్బా పగిలొచ్చిందా, గొడవ పెట్టుకోకండి, ఖాళీ డబ్బాలు విడిగా దొరుకుతాయి. మధ్యలో సీడీని పట్టుకునే పళ్లు విరిగితే మాత్రం ఆ రోజే డబ్బా మార్చేయండి, లేకపోతే కదిలినప్పుడల్లా గీసుకుంటూనే ఉంటుంది.