కండువా కప్పుకున్నాక నమ్మకాలు ఏమవుతాయి?

అందరికీ నమస్కారం.

దేవుణ్ణి నమ్మేవాళ్ళు కమ్యూనిస్టు పార్టీలో ఉండొచ్చా? మందు ముట్టేవాళ్ళు కాంగ్రెస్ సభ్యులు కావచ్చా? ఉరిశిక్ష పాపమని నమ్మే ఎంపీ, దాన్ని సమర్థించే పార్టీలో కొనసాగొచ్చా? ఇలాంటివి అడిగితే మన దగ్గర రెండే జవాబులు వినిపిస్తాయి. "పార్టీ అన్నాక సిద్ధాంతం ఉంటుంది, నచ్చకపోతే బయటికి పో" అన్నది ఒకటి. "ఈ రోజుల్లో పార్టీలకు సిద్ధాంతాలెక్కడివండీ" అన్నది రెండోది. రెండూ ప్రశ్నను దాటేసేవే. ఒక నమ్మకానికీ ఒక పార్టీకీ పొసగదు అన్నప్పుడు, ఏ మెట్టు మీద పొసగడం లేదో ముందు తేల్చుకోవాలి. సభ్యత్వ పత్రం మీద సంతకం చేసే కార్యకర్త సంగతి వేరు, పార్టీ పదవిలో ఉన్న నాయకుడి సంగతి వేరు, చట్టసభలో ఓటు వేసే సభ్యుడి సంగతి వేరు. మన దేశంలో ఈ వరస తిరగబడిందని నా అభిప్రాయం. సంతకం దగ్గర నమ్మకాల గురించి బోలెడు అడుగుతారు, ఒక్కటీ పట్టించుకోరు. ఓటు దగ్గర నమ్మకం ఊసే ఎత్తరు, కానీ నోరు మెదిపితే సీటు పోతుంది.

సంతకంతో మొదలుపెడదాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ కావాలనుకునే ప్రతి పార్టీ తన నియమావళిలో రాజ్యాంగానికీ, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకూ విధేయంగా ఉంటామని రాసివ్వాలి. అంటే సోషలిజాన్ని తప్పుపట్టడానికే పుట్టిన పార్టీ కూడా ఈ రోజు రిజిస్ట్రేషన్ కావాలంటే ఆ మాట రాయాల్సిందే. పార్టీల సొంత పత్రాలు ఇంకా ముందుకు వెళ్తాయి. కాంగ్రెస్ సభ్యత్వ పత్రంలో దశాబ్దాల పాటు ఖాదీ కట్టాలని, మద్యం, మత్తుమందుల జోలికి పోకూడదని, అంటరానితనం ఏ రూపంలోనూ పాటించకూడదని, శ్రమదానం చెయ్యాలని, భూపరిమితికి మించి ఆస్తి ఉండకూడదని, పార్టీ విధానాలను పార్టీ వేదికల మీద తప్ప బయట విమర్శించకూడదని ఉంటూ వచ్చింది. బీజేపీ ప్రతిజ్ఞలో ఏకాత్మ మానవవాదం, గాంధేయ దృక్పథం, సర్వధర్మ సమభావంతో పాటు మతం ఆధారం కాని సెక్యులర్ రాజ్యమన్న భావనకు కట్టుబడి ఉంటాననే వాక్యం కూడా ఉంది. అంటరానితనం పాటించననే హామీ అక్కడా ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని ఉల్లంఘించినందుకు షోకాజ్ నోటీసు అందుకున్న నాయకుడి పేరు ఎప్పుడైనా పేపర్లో చదివిన గుర్తుందా మీకు?

గుర్తుండకపోతే ఆశ్చర్యం లేదు. 2014 చివర్లో బీజేపీ మిస్డ్ కాల్‌తో సభ్యత్వం మొదలుపెట్టింది. తెలుగుదేశంలో 100 రూపాయలు కట్టి సభ్యత్వం తీసుకుంటే ప్రమాద బీమా వస్తుంది. కార్యకర్త కుటుంబానికి అది నిజంగా పనికొచ్చే ఏర్పాటే, వెటకారానికి చెప్పడం లేదు. అయితే సభ్యులను లక్షల్లో లెక్కపెట్టుకునే చోట ఒక్కొక్కరి నైతిక నమ్మకాన్ని వడపోసే తీరికా అవసరమూ ఎవరికీ ఉండవు.

వడపోత పెట్టాలని గట్టిగా ప్రయత్నించిన మనిషి గాంధీ. 1924 డిసెంబరు బెళగావి కాంగ్రెస్‌లో సభ్యత్వ రుసుము డబ్బు కాదు, నూలు. నెలకు 2,000 గజాలు వడికి ఇవ్వాలి. అయితే నిబంధనలోనే ఒక సందు వదిలారు. వడకడం ఇష్టం లేనివాళ్ళు వేరేవాళ్ళు వడికిన నూలు ఇచ్చినా చెల్లుతుంది. నమ్మకం ఉన్నవాడు వడికాడు, లేనివాడు కొనితెచ్చాడు, ఈ తలనొప్పి ఎందుకనుకున్నవాడు మానేశాడు. సభ్యుల సంఖ్య పడిపోయింది. ఏడాది తిరక్కుండానే, 1925 సెప్టెంబరులో పట్నాలో దాన్ని ఏడాదికి నాలుగణాలు లేదా 2,000 గజాలు అని మార్చేశారు. నమ్మకాన్ని కొలిచి చూడాలంటే కొలవడానికి వీలైన పని ఒకటి పెట్టాలి. పెట్టగానే ఆ పని మిగులుతుంది, నమ్మకం జారుకుంటుంది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. కాంగ్రెస్ నియమావళిలో స్వరాజ్య సాధన మార్గం గురించి "శాంతియుత, న్యాయసమ్మత" అని ఉండేది. 1934 సెప్టెంబరులో గాంధీ దాన్ని "సత్య, అహింసా" మార్గాలని మార్చమన్నాడు. తనకు అహింస ధర్మం. సహచరుల్లో చాలామందికి అది ఎత్తుగడ, పనిచేసినన్నాళ్ళు పనిచేస్తుంది. ఆ మార్పును అక్టోబరు బొంబాయి మహాసభ అంగీకరించలేదు. గాంధీ నాలుగణాల సభ్యత్వం కూడా వదులుకుని బయటికొచ్చాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సభ్యత్వం వదిలాక కూడా పార్టీ ఆయన మాట మీదే నడిచింది. యుద్ధం వచ్చాక, 1940లో, దేశరక్షణకు అహింస వర్తించదని వర్కింగ్ కమిటీ తేల్చినప్పుడు మళ్ళీ దారులు వేరయ్యాయి, మళ్ళీ కలిశాయి. అహింసను ధర్మంగా నమ్మే మనిషికి కాంగ్రెస్ సభ్యుడిగా ఉండటానికి అడ్డేమీ లేదు. అందరూ అలాగే నమ్మాలని అడిగినప్పుడే అడ్డు వచ్చింది. పొసగకపోవడం అనే మాటలో ఈ రెండింటినీ కలిపేస్తూ ఉంటాం.

కమ్యూనిస్టుల విషయానికి వద్దాం. చైనా కమ్యూనిస్టు పార్టీ తన సభ్యులకు మతవిశ్వాసం ఉండకూడదని నేరుగానే చెబుతుంది. సీపీఎం అలా చెప్పదు. భక్తులు కూడా సభ్యులు కావచ్చు. రెండు మెట్ల మధ్య తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 2009 అక్టోబరులో కేంద్ర కమిటీ ఆమోదించిన దిద్దుబాటు పత్రం, నాయకత్వ స్థానాల్లో ఉన్నవాళ్ళు సొంతంగా మతపరమైన కర్మకాండలు జరపకూడదంది. 2004లో ఆలప్పుళ నుంచి సీపీఎం ఎంపీగా గెలిచిన కె.ఎస్. మనోజ్ క్రైస్తవ విశ్వాసి. ఇది తన మతస్వేచ్ఛకు భంగమంటూ 2010 జనవరిలో రాజీనామా చేసి, సుప్రీంకోర్టు తలుపు కూడా తట్టాడు. నా దృష్టిలో ఇందులో పార్టీదే సబబు. రాజ్యాంగంలోని 25వ అధికరణ మతస్వేచ్ఛ ఇస్తే, 19(1)(సి) సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఇస్తుంది. ఎవరు తన తరఫున మాట్లాడాలో సంఘం నిర్ణయించుకోలేకపోతే ఆ స్వేచ్ఛకు అర్థం లేదు. నిబంధన గుప్పెడుమంది నాయకులకే పరిమితం, ముందే రాతలో ఉంది, బయటికి వెళ్ళడానికి దారి తెరిచే ఉంది. ఈ మూడూ ఉన్నప్పుడు పార్టీని నియంత అనలేం.

రాతలో లేకుండా నడిపితే ఏమవుతుందో జనతా పార్టీ చూపించింది. 1977లో జనసంఘ్ విలీనమైనప్పుడు ఆ పార్టీ వాళ్ళకు ఆర్‌ఎస్‌ఎస్‌తో ఉన్న బంధం సంగతి ఎవరూ తేల్చలేదు. అధికారంలోకి వచ్చాక మధు లిమయే వంటి సోషలిస్టులు ద్వంద్వ సభ్యత్వం ప్రశ్న లేవదీశారు. 1979 జులైలో మొరార్జీ ప్రభుత్వం కూలింది. ద్వంద్వ సభ్యత్వం కుదరదని పార్టీ తేల్చింది 1980 ఏప్రిల్ 4న, రెండు రోజులకు పాత జనసంఘ్ వాళ్ళతో బీజేపీ పుట్టింది. కలిసే ముందు తేల్చుకోవాల్సిన ముచ్చటను మూడేళ్ళ తర్వాత, అదీ ఓడిపోయాక తేల్చుకున్నారు.

దీనికి పూర్తిగా వేరే పద్ధతి స్వతంత్ర పార్టీది. 1959లో రాజాజీ, మన ఎన్.జి. రంగా కలిసి పెట్టిన ఆ పార్టీకి 21 మూల సూత్రాలు. వాటి పరిధిలోకి రాని ప్రతి విషయంలోనూ సభ్యులకు పూర్తి అభిప్రాయ స్వేచ్ఛ ఉంటుందని చిట్టచివరి సూత్రంలోనే రాశారు. అందుకే 1937లో సేలంలో మద్యనిషేధం తెచ్చిన రాజాజీ, దాని మీద నమ్మకం లేని మీనూ మసానీ ఒకే పార్టీలో ఇమిడారు. దేని గురించి అడుగుతామో, దేని గురించి అడగమో రెండూ రాసిపెట్టుకోవడం ఇప్పటి పార్టీలు కూడా అరువు తెచ్చుకోదగ్గ పద్ధతి.

ఇక అసలు ఇరుకు, చట్టసభ. ఫిరాయింపుల నిరోధక చట్టమని మనం పిలిచేది, 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు. దాని రెండో పేరా ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా సభ్యత్వం పోతుంది. ముందుగా అనుమతి తీసుకుంటే, లేదా 15 రోజుల్లోగా పార్టీ క్షమిస్తే తప్ప. దూరంగా ఉండటాన్ని కూడా ధిక్కారంగానే లెక్కగట్టడం ఇందులో బరువైన భాగం. మనస్సాక్షి ఉన్న మనిషి పార్టీని ఓడించాలని కోరుకోడు, ఈ ఒక్కదానికి నా చెయ్యి ఎత్తను అంటాడు. ఆ వెసులుబాటు కూడా లేదు. పార్టీ ఇచ్చే ఈ ఆదేశాన్నే విప్ అంటారు. అయితే ప్రతి విప్పూ ఒకటి కాదు. ఒక గీత విప్ ఓటింగ్ ఉందని తెలియజేస్తుంది, రెండు గీతల విప్ హాజరు కమ్మంటుంది, మూడు గీతల విప్ హాజరై ఫలానా విధంగా ఓటు వెయ్యమంటుంది. 1992లో కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని 3-2 తేడాతో నిలబెడుతూనే, సీటు పోగొట్టే ఆదేశాలు ప్రభుత్వ మనుగడకు, లేదా పార్టీ ఏ విధానాలు చెప్పి ఓట్లడిగిందో వాటికి పరిమితం కావాలంది. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ 170వ నివేదిక చెప్పినవీ దాదాపు ఇవే. పార్టీలు మాత్రం చేతికందిన ప్రతి బిల్లుకూ మూడు గీతలు కొడుతూనే ఉన్నాయి.

చట్టం ఎవరి మీద పనిచేస్తుందో మన రాష్ట్రాల్లోనే చూడండి. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద అవిశ్వాసానికి ఓటేసిన 17 మంది ఎమ్మెల్యేల మీద 2012 మార్చిలో వేటు పడింది. అది ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటు, అందులో వింత లేదు. 2019 జూన్‌లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమన్నారు. అదే నెలలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమన్నారు. రెండు చోట్లా లెక్క సరిగ్గా మూడింట రెండు వంతులు, పదో షెడ్యూలు నాలుగో పేరా అడిగేది అంతే. గుంపుగా కండువా మారిస్తే విలీనం. పార్టీలోనే ఉంటూ ఒక్క బిల్లు దగ్గర ఒక్కరు కాదంటే అనర్హత. ఫిరాయింపులను ఆపడానికి తెచ్చిన చట్టం ఫిరాయించే ఉద్దేశం లేని ఒంటరి మనిషినే గట్టిగా పట్టుకుంటోంది.

ఇంకో తమాషా ఉంది. పార్టీ బహిష్కరిస్తే సీటు పోదు. 2014 ఫిబ్రవరి 11న రాష్ట్ర విభజనను వ్యతిరేకించి సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస నోటీసిచ్చిన ఆరుగురు సీమాంధ్ర ఎంపీలను కాంగ్రెస్ బహిష్కరించింది, వాళ్ళు ఎంపీలుగానే ఉన్నారు. వారం తర్వాత లోక్‌సభలో బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. మూజువాణిలో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లు నమోదు కావు. విభజన మీద మీ పక్షం ఏదైనా కావచ్చు, అంత పెద్ద నిర్ణయానికి ఒక్కొక్కరి జవాబు రికార్డులో లేకపోవడం రెండు వైపులకూ నష్టమే.

బయటి దేశాలను ఊరికే పొగడనక్కర్లేదు గానీ ఒక తేడా గమనించాలి. బ్రిటన్‌లో ఉరిశిక్ష, గర్భస్రావం వంటి వాటి మీద విప్ లేని ఓటు ఆనవాయితీ. తీరని జబ్బుతో ఉన్నవాళ్ళకు మరణంలో సాయం చేసే బిల్లు మీద 2024 నవంబరులో అక్కడి పార్లమెంటు దిగువ సభ కామన్స్ 330-275తో ఓటేసినప్పుడు ప్రతి పెద్ద పార్టీ రెండుగా చీలింది, ఏ పార్టీ విరగలేదు. ఆస్ట్రేలియా లేబర్ పార్టీ ఇంకా బిగువు. 2024 జూన్‌లో పాలస్తీనా తీర్మానం మీద సెనేటర్ ఫాతిమా పేమన్ పార్టీ గీత దాటింది, సస్పెండైంది, జులైలో పార్టీ వదిలింది. కానీ ఆమె సీటు ఆమెకే ఉంది. అక్కడ శిక్ష పార్టీ వేసింది, చట్టం కాదు.

ఇప్పుడున్న చట్టం కిందనే మనస్సాక్షి ప్రకారం నడవాలనుకునే ఎమ్మెల్యే లేదా ఎంపీ చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. విప్ చేతికి రాగానే గీతలెన్నో, ఏ ఓటుకో చదవాలి. సవరణలకు, తుది ఓటుకు వేర్వేరు ఆదేశాలు ఉండొచ్చు. ఓటింగ్‌కు ముందే పార్టీకి అనుమతి కోరుతూ రాతపూర్వకంగా లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఫోన్లో "సరే చూద్దాం" అన్నది అనుమతి కాదు. దూరంగా ఉన్నా, వ్యతిరేకంగా వేసినా అదే రోజు కారణం రాసి మన్నింపు అడగాలి, ఎందుకంటే 15 రోజుల లెక్క ఓటు వేసిన రోజు నుంచే మొదలవుతుంది. లోక్‌సభ నియమాల ప్రకారం మన్నించిందీ లేనిదీ పార్టీ శాసనపక్ష నేత 30 రోజుల్లోగా స్పీకర్‌కు తెలపాలి. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలకు విప్ వర్తించదు. రాజ్యసభ ఎన్నికల్లో ఓటు చూపించి వెయ్యాలి గానీ, పార్టీ మాట దాటినంత మాత్రాన అనర్హత రాదని 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూజువాణి ఓటు జరుగుతున్నప్పుడు డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటు లెక్కించి నమోదు చేసే ఓటింగ్, కావాలని లేచి అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది, అడగాల్సింది మాత్రం సభాపతి ఫలితం ఖరారు చేసేలోపే.