ఏటవాలు ద్రాక్ష తోటలో కలుపు యంత్రం

మిత్రులారా,

వాలును శాతాల్లో చెబితే చాలామంది పొరబడతారు. నూరు శాతం వాలు అంటే నిట్టనిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. ఐరోపాలో 30 శాతం, అంటే సుమారు 17 డిగ్రీలు దాటిన తోటను సాధారణంగా ఏటవాలు తోట కింద లెక్కిస్తారు. జర్మనీలో మోసెల్ నది పక్కన బ్రెమ్మర్ కాల్మోంట్ అనే కొండ మీద ఈ వాలు కొన్నిచోట్ల 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ కాలు నిలదొక్కుకోవడమే కష్టం, ఇక కలుపు తీత సంగతి చెప్పేదేముంది!

అందుకే కొండ తోటలు కలుపు మందులను అంత త్వరగా వదలలేకపోతున్నాయి. ఫ్రాన్స్‌ 2020లో ద్రాక్ష సాళ్ల మధ్య గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని ఆపింది కానీ, యంత్రాలు తిరగలేని నిటారు తోటలకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు అవసరం లేకుండా చేయగల యంత్రం ఎలా ఉండాలన్నదే ఈ రోజు నా విషయం.

ముందు, యంత్రం జారకూడదు. బరువు కిందికి ఉండే గొలుసు చక్రాల ట్రాక్టరు మామూలు ట్రాక్టరు కంటే నయమే. వాలు మరీ ఎక్కువైతే మాత్రం పైగట్టున వించ్, అంటే తాడును చుట్టే, వదిలే యంత్రం పెట్టి ఉక్కు తాడుతో పట్టుకోవాల్సిందే. మంచి వించ్ తాడును ట్రాక్టరు వేగానికి తగ్గట్టు వదులుతుంది, చుడుతుంది. అలా కాకపోతే చక్రాలు ఒకేచోట గిరగిరా తిరిగి గడ్డిని పెళ్లగిస్తాయి. తర్వాతి వానకు ఆ గాడే కాలువ అవుతుంది. తాడులో ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకు వచ్చినా ఆ రోజు పని ఆపేయండి. ఇందులో బేరాలు లేవు.

అసలు చిక్కు మొక్క మొదలు దగ్గర. అక్కడ పనిచేసే పలుగు, అంటే కోత బ్లేడు, మన గుంటక లాంటిదే, నేల కింద రెండు మూడు అంగుళాల లోతున కలుపు వేరును కోస్తూ పోతుంది. దాని ముందు ఒక సన్నని తడుము కడ్డీ ఉంటుంది. కడ్డీ కాండానికి తగలగానే హైడ్రాలిక్ వాల్వు తెరుచుకుని పలుగు వెనక్కి తగ్గుతుంది, మొక్క దాటాక మళ్లీ సాలులోకి వస్తుంది. చదును నేలలో ఇది ముచ్చటగా సాగుతుంది. సాళ్లు వాలుకు అడ్డంగా ఉంటే యంత్రం కిందివైపుకు ఒరుగుతూ పోతుంది. ఒకవైపు పలుగు లోతుగా దిగితే మరోవైపుది పైపైన గీరుతుంది. కాబట్టి రెండు వైపులకూ లోతు విడివిడిగా సర్దుకునే వీలు లేని పరికరాన్ని, ఎంత చవకగా వచ్చినా కొనవద్దంటాను. లేత తోటలో కడ్డీ స్ప్రింగు బిగువు తగ్గించడం మరవకండి, లేకపోతే కలుపుతోపాటు మొక్కకూ గాయమే.

తోటంతా అద్దంలా శుభ్రం చేయాలన్న పట్టుదల కొండ మీద పనికిరాదు. సాళ్ల మధ్య గడ్డిని వేళ్లతో ఉంచి పైన కోస్తే చాలు, మట్టిని పట్టి ఉంచేది అదే. తవ్వకం మొక్క మొదళ్ల వెంట సన్నని పట్టీకే పరిమితం కావాలి. అదీ కలుపు లేతగా ఉన్నప్పుడు, పైమట్టి ఆరాక చేయాలి. తడి నేలలో కోసిన కలుపు మళ్లీ వేళ్లూనుకుంటుంది.

మెట్ల తోటల్లో గట్ల వాలు మిగిలిపోతుంది. అక్కడికి రిమోట్‌తో నడిచే గడ్డి కోత యంత్రాన్ని దింపండి. నడిపే మనిషి మాత్రం ఎప్పుడూ దాని కిందివైపు నిలబడకూడదు.