నాన్న కనుబొమ కింది నీడ

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పాల్సిందే గానీ నాకిచ్చింది అరగంట. పైగా ఆ కిటికీలోంచి వస్తున్న వెలుగు ఇంకో 20 నిమిషాలకు మించి నిలిచేలా లేదు. నాకు దానితో పని ఉంది.

ఒక మనిషి బొమ్మ వేయడానికి ముందు ఫోటో తీసుకుంటాం కదా, అప్పుడు వెలుగు ఎటునుంచి పడాలి, మనిషిని ఎలా కూర్చోబెట్టాలి అన్నది ఈరోజు విషయం. వెలుగు, కెమెరా, భంగిమ అని మూడు భాగాలు రాసుకొచ్చాను.

ముందు ఒక మాట తేల్చేద్దాం. ఫోటో చూసి బొమ్మ వేయడం దొంగతనం అన్నట్టు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోటోగ్రఫీ సంగతి ప్రపంచానికి తెలిసింది 1839లో. ఆ శతాబ్దంలోనే ఎడ్గార్ డెగా, థామస్ ఈకిన్స్ లాంటి చిత్రకారులు కెమెరా పట్టారు, తమ పనికి వాడుకున్నారు. కాబట్టి ఆ చర్చ వదిలేద్దాం. నా బాధ వేరు. ఎవరో ఎప్పుడో ఇంకెందుకో తీసిన ఫోటో ముందు పెట్టుకుని అందులోంచి మనిషిని బయటికి లాగాలని చూస్తాం. అలా రాడు. బొమ్మ కోసం తీసే ఫోటో బొమ్మ వేసేవాడే తియ్యాలి.

తమ్ముడూ, ఆ ట్యూబులైట్లు ఆర్పుతావా? అన్నీ. వేదిక మీదవి కూడా. రెండో వరసలో కూర్చున్న పెద్దాయనా, మీరు ఒక్క నిమిషం ఈ కుర్చీలో కూర్చుంటారా అండీ? కిటికీకి పక్కగా. అదీ.

ఇప్పుడు చూడండి. ఇందాక నాలుగు వైపుల నుంచి లైట్లు పడుతుంటే ఈయన ముఖంలో ఎత్తుపల్లాలు ఒకదాన్నొకటి మింగేశాయి. ఇప్పుడు నుదుటి ఎముక ఎక్కడ మలుపు తిరుగుతోందో తెలుస్తోంది. ముక్కు నీడ పెదవి కొస వైపు దిగి, చెక్కిలి నీడలో కలుస్తోంది. అవతలి కంటి కింద చిన్న వెలుగు త్రికోణం మిగిలింది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు మీద రెంబ్రాంట్ వెలుగు అంటారే, అది ఇదే. అండీ, ముఖం కొంచెం కిటికీకి అవతలి వైపు తిప్పండి. చూశారా, త్రికోణం పోయింది, అటు సగం చీకటైంది. మళ్లీ రెండు వేళ్ల మందం ఇటు. వచ్చేసింది. రెండు వేళ్ల మందమే! ఆ కదలిక కోసం నేను ఒక్కోసారి గంట కూర్చుంటాను.

ఇప్పుడు ఈ తెల్ల అట్టను నీడ వైపు పెడుతున్నాను. దవడ కింద చూడండి, నీడ పలచబడి అందులో రంగు కనిపిస్తోంది. అట్ట మరీ దగ్గరికి తెస్తే నీడ చచ్చిపోతుంది. మూరెడు దూరం చాలు.

కిటికీ కిందిదాకా ఉంటే కింది సగాన్ని దుప్పటితో కప్పేయండి. వెలుగు కంటికి పైనుంచి రావాలి. ఎండ నేరుగా పడని కిటికీ కావాలి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో చిత్రకారులు ఉత్తరం కిటికీని వెతుక్కునేది అందుకే. ముఖాల్లో మెత్తదనం చూడాలంటే మబ్బు పట్టినప్పుడో, సాయంత్రం చీకటి పడుతుండగానో చూడమని లియొనార్డో 500 ఏళ్ల కిందటే రాసుకున్నాడు. గోడలకు నల్లరంగు వేసిన పెరట్లో కూర్చోబెట్టి వేయమని కూడా చెప్పాడు. నల్లగోడ ఎందుకు? పక్కనుంచి దొంగ వెలుగు పడకూడదని. మనం గదిలో బల్బు ఆర్పడానికే బద్ధకిస్తాం. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది. పసుపు బల్బు వెలుగు 2700 కెల్విన్లు ఉంటే, పగటి వెలుగు సుమారు 5500 ఉంటుంది. రెండూ కలిసి పడితే ఒక చెంప నారింజ, ఇంకో చెంప నీలం. దాన్ని అలాగే కాన్వాసు మీదకు ఎక్కించి, చర్మం రంగు కుదరడం లేదని కుంచెను తిట్టుకుంటాం.

ఇక ఫ్లాష్. కెమెరా నెత్తి మీద ఉన్న ఫ్లాష్. దాని గురించి రెండు వాక్యాలే రాసుకున్నాను గానీ ఆగలేను, వినండి.

మా నాన్న పోయాక ఆయన బొమ్మ వేద్దామని కూర్చున్నాను. ఇల్లంతా వెతికితే 14 ఫోటోలు దొరికాయి. అందులో 13 ఫ్లాష్‌తో తీసినవే. మిగిలిన ఒక్కటీ మిట్టమధ్యాహ్నం ఎండలో తీసింది. నాన్న కనుబొమ ఎముక కాస్త ముందుకు ఉండేది. దాని కింద కళ్లు లోతుగా, నీడలో ఉండేవి. చిన్నప్పుడు మేం ఆ నీడను చూసే ఆయన కోపంగా ఉన్నారో, ఆలోచనలో ఉన్నారో కనిపెట్టేవాళ్లం. పదమూడు ఫోటోల్లో ఫ్లాష్ ఆ నీడను తుడిచేసింది. ఎండ ఫోటోలో ఆ చోట రెండు నల్ల గుంటలున్నాయి, కళ్లే లేవు.

ఆ పదమూడింటిలో ఐదు నేను తీసినవి. అప్పటికే బొమ్మలు వేస్తున్నాను. నాన్న రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని పేపరు చదివేవారు. కిటికీ ఉంది, ఆయన ఉన్నారు, నా చేతిలో కెమెరా ఉంది. "నాన్నా, ఒక్కసారి లేచి గోడ దగ్గర నిలబడండి" అని లేపి, ఫ్లాష్ కొట్టాను. ఐదుసార్లూ అంతే.

మీలో ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. ఇంతమందా! అయ్యా, అమ్మా, మీకు దణ్ణం పెడతాను, రేపు పొద్దున వాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. బొమ్మ ఎప్పుడు వేస్తారో తర్వాత సంగతి.

సరే, కెమెరా. చెయ్యి చాచినంత దూరంలో ఫోన్ పెట్టి ముఖం తీయొద్దు. ముక్కు కొసకీ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటాయి. ముక్కు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 52లో ఉన్నట్టు. అంటే ముక్కుతో పోలిస్తే చెవి దాదాపు పావు వంతు చిన్నగా పడుతుంది. రెండు మీటర్ల దూరానికి జరిగి తీయండి, ఆ తేడా ఆరు శాతానికి దిగుతుంది. దూరం జరిగాకే జూమ్ చేయండి. కెమెరా వాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. బ్యూటీ మోడ్, వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ రెండూ ఆపండి. ఒకటి చర్మాన్ని గీకేస్తుంది, ఇంకోటి జుట్టు అంచుల్ని తినేస్తుంది. ఒకే భంగిమకు మూడు ఫోటోలు కావాలి: వెలుగులో ఉన్న చెంప తెల్లబారకుండా ఒకటి, మామూలుగా ఒకటి, నీడలో ఏముందో కనిపించేలా ఒకటి. ఫోటోలో నలుపుగా ఉన్న చోట కంటికి నలుపు ఉండదు. అందుకే మనిషి ఎదురుగా ఉండగానే ఆ నీడల రంగు నాలుగు మరకలుగా కాగితం మీద వేసుకోండి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. భంగిమ గురించి గబగబా చెప్తాను. నవ్వమని అడగొద్దు. ముందు భుజాలు కొంచెం అవతలికి, తర్వాత తల వెలుగు వైపుకి, చివర్లో చూపు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మీరు చెప్పకండి, వాళ్లు వచ్చి కూర్చోగానే ఎక్కడ పెట్టుకున్నారో గుర్తుంచుకోండి. మొదటి 20 నిమిషాలు కెమెరా ముట్టకుండా మాట్లాడండి. మెడ బిగువు పోయేది అప్పుడే.

నాన్న బొమ్మ సంగతి చెప్పి దిగిపోతాను. మా తమ్ముడికి నాన్న కనుబొమ ఎముకే వచ్చింది. వాణ్ని అదే కిటికీ పక్కన పేపరు ఇచ్చి కూర్చోబెట్టాను. మొదట చదువుతున్నట్టు నటించాడు. అరగంటకి నిజంగా చదవడం మొదలుపెట్టాడు. అప్పుడు పేరు పెట్టి పిలిచాను. తల ఎత్తకుండా కళ్లు మాత్రం ఎత్తి, పేపరు పైనుంచి చూశాడు. కనుబొమ కింద ఆ నీడ ఉంది. ట్రైపాడ్ మీద కెమెరా సిద్ధంగా ఉంది, మూడు ఫోటోలు తీశాను. ముక్కు, నోరు, దవడ పాత ఫోటోల్లోంచి తీసుకున్నాను. ఆ నీడ మాత్రం తమ్ముడి ముఖం చూసి వేశాను.

బొమ్మ పూర్తయ్యాక అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చాలాసేపు చూసి, "పేపరు చదువుకుంటుంటే పిలిచావా ఆయన్ని?" అంది.

పెద్దాయనా, ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చోగలరా? వెలుగు ఇంకా ఉంది. మీరంతా ఫోన్లు తీసి, ఫ్లాష్ ఆపేసి, ఒక్కొక్కరే ఇటు రండి. రెండు మీటర్ల దూరంలో నేల మీద సుద్దగీత గీశాను. దాని దగ్గర నిలబడి తీయండి.