తలుపు వేసుకున్నాక

శ్రోతలకు నమస్కారం.

నగరంలో చదువో ఉద్యోగమో చేసుకుంటున్న అమ్మాయి రోజంతా ఎవరో ఒకరి కళ్ల ముందే ఉంటుంది. బస్సులో పక్క సీటువాళ్లు, లిఫ్టులో పై అంతస్తువాళ్లు, ఆఫీసులో ఎదురు టేబుల్‌వాళ్లు, మీటింగు మొదలైతే కెమెరా. ఎలా కూర్చుంది, ఎంత గట్టిగా నవ్వింది అని ఎవరూ పైకి అనరు. అయినా తన మీద తనే ఒక కన్నేసి ఉంచడం ఆమెకు అలవాటైపోతుంది. ఆ కన్ను మూతపడే చోటు ఇల్లు. అది అద్దె గది కావచ్చు, స్నేహితురాళ్లతో కలిసి తీసుకున్న ఫ్లాట్ కావచ్చు, అమ్మానాన్నల ఇంట్లో తనకంటూ దొరికిన ఒక మూల కావచ్చు. తలుపు వేసుకున్నాక అక్కడ మొదలయ్యే చిన్న చిన్న సుఖాల గురించే ఇవాళ నాలుగు మాటలు.

నా లెక్కలో వీటన్నిటికంటే ముందుండేది జడ విప్పుకోవడం. పొద్దున హడావిడిలో దువ్వి, లాగి, రబ్బరు బ్యాండుతో బిగించిన జుట్టు సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. ఇంటికొచ్చి ఆ బ్యాండు లాగేయగానే తల తేలికవుతుంది. ఆ వెంటనే మాడు మీద ఒకచోట చిన్న సలుపు మొదలవుతుంది. పొద్దుటి నుంచీ ఒక వైపుకే పడి ఉన్న వెంట్రుకల్ని రెండో వైపుకి తోస్తే ఇంకాస్త నొప్పి. సరిగ్గా ఆ నొప్పి మీదే వేళ్లు పెట్టి, కుదుళ్ల దగ్గర మెల్లగా రుద్దుకుంటుంటే ఎంత హాయిగా ఉంటుందో పొడుగు జుట్టున్న వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

వెంట్రుకకు స్పర్శ లేదు, కత్తిరించినా మనకు తెలియదు. దాని కుదురు చుట్టూ మాత్రం సన్నని నరాల కొసలు అల్లుకుని ఉంటాయి. రోజంతా లాగి పట్టుకుంటే బాధపడేవి అవే. తలనొప్పుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఒకటి రకరకాల తలనొప్పులన్నిటినీ వర్గాలుగా విడదీసి పెట్టింది. అందులో జుట్టు లాగి కట్టడం వల్ల వచ్చే నొప్పికీ చోటుంది. ఆ లాగుడు తీసేసిన గంటలోపు నొప్పి తగ్గిపోవాలి, అప్పుడే అది ఈ రకం అని కూడా రాశారు. కాబట్టి సాయంత్రం తల పట్టేసినట్టుందని మాత్ర కోసం సొరుగు వెతికేముందు ఒకసారి జడ విప్పి చూడండి.

తర్వాత బట్టలు. వీటి గురించి ఎక్కువ చెప్పను. ఉతికి ఉతికి రంగు వెలిసి, మెడ దగ్గర సాగిపోయి, బయటికి వేసుకెళ్లడానికి వీల్లేకుండా, పారేయడానికి మనసు రాకుండా ప్రతి అమ్మాయి దగ్గరా ఒకటుంటుంది. దాన్ని తొడుక్కున్నాక ఇక ఆ రోజు బయటి పని ఎవరు చెప్పినా రేపే.

స్నానాల గదికి మాత్రం ఎక్కువ సమయమే ఇవ్వాలి. నిజం చెప్పాలంటే చాలామంది అమ్మాయిలకు ఇంట్లో లోపలి నుంచి వేసుకోగలిగే గడియ అదొక్కటే. నలుగురున్న ఇంట్లో, పడకగది తలుపు మూస్తే "ఏమైంది, అలిగావా?" అని అడిగే ఇంట్లో, ఎవరూ ప్రశ్న వేయకుండా వదిలేసే పావుగంట అక్కడే దొరుకుతుంది. పాట కూడా అక్కడే వస్తుంది. అక్కడ మన గొంతు బాగుంటుందనుకోవడం ఉత్త భ్రమ కాదు. మామూలు గదిలో పరుపు, కర్టెన్లు, బట్టలు శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. స్నానాల గదిలో నున్నటి టైల్స్ దాన్ని తిప్పి కొడతాయి. గది చిన్నది కావడంతో కొన్ని కింది స్వరాలు అక్కడ బలం పుంజుకుంటాయి, గొంతుకి లేని నిండుదనం వస్తుంది. ఒక స్వరం తోక ఇంకా వినిపిస్తుండగానే తర్వాతి స్వరం వచ్చి దాని మీద పడుతుంది కనుక మధ్యలో తప్పిన శ్రుతి కాస్త కప్పడిపోతుంది. ఇంత ఉదారంగా వినే సభ ఇంకెక్కడా దొరకదు. పైగా మధ్యలో చరణం మర్చిపోయి ల ల లా అని లాగించినా అడిగేవాళ్లుండరు.

అన్నట్టు, వేడినీళ్ల స్నానం పడుకోబోయే ముందు కాకుండా గంటో రెండు గంటలో ముందే చేయడం మంచిది. వేడినీళ్లకు చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి. లోపలి వేడి చేతుల నుంచీ పాదాల నుంచీ బయటికి పోతుంది. అలా ఒంటి లోపలి వేడి కాస్త తగ్గడమే నిద్రకు పిలుపు. స్నానం చేసిన వెంటనే పడుకుంటే ఆ వేడి తగ్గడానికి వ్యవధి చాలదు.

స్నానం అయ్యాక తువ్వాలు. ఎండలో ఆరిన తువ్వాలు కాస్త బిరుసుగా ఉంటుంది, కానీ ముఖం దానిలో పెట్టుకుంటే వచ్చే వాసన ఏ సీసాలోనూ దొరకదు. ఆ వాసన ఏమిటో తెలుసుకోవాలని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో కొందరు రసాయన శాస్త్రజ్ఞులు తువ్వాళ్లు ఉతికి మూడు చోట్ల ఆరేశారు. కొన్ని గది లోపల, కొన్ని నీడపట్టున బాల్కనీలో, కొన్ని నేరుగా ఎండలో. ఆరిన తర్వాత వాటి నుంచి వచ్చే ఆవిరిని పరీక్షిస్తే, ఎండలో ఆరినవాటిలో మిగతావాటిలో లేని ఆల్డిహైడ్లు, కీటోన్లు అనే రసాయనాలు కనిపించాయి. అత్తర్లలో వాసనకు వాడే పదార్థాల్లో ఇలాంటివి ఉంటాయి. 2020లో వాళ్లు ఈ సంగతి ప్రచురించారు. తడి గుడ్డ మీద ఎండ పడితేనే జరిగే పని ఇది. అందుకే బాల్కనీలో ఎండ ఏ వేళకు ఏ మూలకు వస్తుందో తెలిసిన అమ్మాయి అదృష్టవంతురాలు. రెండు భవనాల సందులోంచి పూటకు గంటసేపు వచ్చే ఎండైనా సరే, దాని దారి కనిపెట్టి తీగ అక్కడ కట్టుకుంటే చాలు.

ఆ ఎండ కోసం ఇంకొకరు కూడా మెడ చాస్తుంటారు, కిటికీలో మొక్క. నగరంలో అమ్మాయిల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మనీప్లాంటే. ఒక కొమ్మ తుంచి నీళ్ల సీసాలో పెడితే కణుపు దగ్గర ముందు చిన్న గోధుమరంగు బుడిపె, కొన్నాళ్లకు దానిలోంచి తెల్లటి వేరు. రోజూ పొద్దున సీసాను వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆ వేరు నిన్నటికంటే పెరిగిందా అని చూడటం, అదొక పిచ్చి. ఆకులన్నీ కిటికీ వైపే ఎందుకు తిరుగుతాయి? ఛార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద పరీక్షలు చేసి 1880లో ఒక విషయం బయటపెట్టారు. వెలుతురు ఎటు నుంచి వస్తుందో పసిగట్టేది మొలక కొస, వంగేది దాని కింది భాగం. కొసకు టోపీ తొడిగితే మొలక వంగలేదు. కొస నుంచి కిందికి దిగే రసాయనాన్ని తర్వాతి తరం వాళ్లు కనుక్కున్నారు. దాన్నే ఆక్సిన్ అంటారు. అది నీడవైపు ఎక్కువగా చేరి అటువైపు కణాలను సాగదీస్తుంది, దాంతో మొలక వెలుతురు వైపు వాలుతుంది. కుండీని అప్పుడప్పుడు తిప్పుతూ ఉంటే మొక్క నిటారుగా పెరుగుతుంది. నాకైతే అటు వాలిన మొక్కే ఇష్టం. ఎటు చూడాలో దానికి బాగా తెలుసు.

పై అంతస్తుల్లో ఉండేవాళ్లకి తొలి వాన వాసన అందదని బెంగ అక్కర్లేదు. నేలలో ఉండే ఒక రకం సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనలో ప్రధానం. అది కుండీలో మట్టిలోనూ ఉంటుంది. చినుకు ఎండిన మట్టి మీద పడినప్పుడు దాని కింద చిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి, అవి పైకొచ్చి పగిలి వాసనను గాల్లోకి చిమ్ముతాయి. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు అతివేగంగా ఫొటోలు తీసే కెమెరాలతో దీన్ని పట్టుకుని 2015లో చూపించారు. కుండపోతకంటే చిరుజల్లుకే ఈ చిమ్మడం ఎక్కువట. కాబట్టి వాన లేని రోజున కూడా బాగా ఎండిన కుండీ మీద వేళ్లతో నీళ్లు చిలకరించి, వంగి పీల్చి చూడండి. ఎదురింటి వాళ్లు చూస్తే చూడనివ్వండి.

ఒంటరిగా ఉంటేనే ఈ సుఖాలని నేను అనడం లేదు. నలుగురు అమ్మాయిలున్న ఫ్లాట్‌లో ఆదివారం మధ్యాహ్నం ఎవరి గదిలో వాళ్లుంటారు, తలుపులన్నీ తెరిచే ఉంటాయి. ఒకరు గోళ్లకు రంగు వేసుకుంటుంటారు, ఒకరు పుస్తకం చదువుతుంటారు, ఎక్కడో రేడియో మోగుతుంటుంది. గంటసేపు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మాట్లాడకపోతే ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఉండదు. ఎవరో ఉన్నారన్న ధైర్యం ఉంటుంది. అంత చనువు కుదరడానికి ముందు గిన్నెలు కడిగే వంతుల మీద కొన్ని గొడవలు జరగాల్సే ఉంటుందనుకోండి.

ఇక్కడ నాకు రెండు విషయాల మీద పేచీ ఉంది. ఒకటి, వీటిని కూడా సరుకుగా మార్చి అమ్మడం. సువాసన కొవ్వొత్తి, స్నానం నీళ్లలో కలిపే ఉప్పు, ముఖానికి ఫేస్ మాస్క్, ఇవన్నీ కొంటే తప్ప నిన్ను నువ్వు చూసుకున్నట్టు కాదని ప్రకటనలు చెబుతాయి. కొనుక్కుంటే తప్పేం లేదు. కానీ ఇప్పటిదాకా నేను చెప్పినవాటిలో కొనాల్సిందేమైనా ఉందేమో చూడండి. రెండోది ఫోన్. కిటికీలో ఎండ బాగా పడింది, చేతిలో వేడి కప్పు ఉంది, వెంటనే ఫొటో తీయాలనిపిస్తుంది. తీయగానే కప్పును కాస్త ఎడమకు జరపాలనిపిస్తుంది, వెనక ఉన్న విడిచిన బట్టల కుప్పను తోసేయాలనిపిస్తుంది. చూశారా, పొద్దుటి నుంచీ మోసి మోసి గుమ్మం బయట వదిలి వచ్చిన ఆ కన్ను మళ్లీ ఇంట్లోకి వచ్చేసింది. ఫొటో తీయొద్దని అనను, నేనూ తీస్తాను. ముందు ఆ కప్పులోది తాగేసి, తర్వాత ఖాళీ కప్పును తీస్తే సరిపోతుందని మాత్రం అంటాను.

ఇంకా గట్టి అడ్డంకి బయటి నుంచి రాదు. పనులన్నీ అయ్యాకే కూర్చోవాలన్న మాట మనలో చిన్నప్పుడే నాటుకుపోయింది. ఇంటి పనికి అంతం ఉండదు, అందువల్ల ఆ "అయ్యాక" ఎప్పటికీ రాదు. అన్నదమ్ములు కాళ్లు చాపుకుని కూర్చుంటే అలసిపోయారంటారు, అమ్మాయి కూర్చుంటే ఖాళీగా ఉందంటారు. అందుకే మనం కూర్చున్నా చేతిలో ఏదో ఒక పని పెట్టుకుంటాం. మడతపెట్టాల్సిన బట్టలో, జవాబివ్వాల్సిన మెసేజీలో. ఉత్త చేతులతో కూర్చోవడం సాధన చేస్తే గానీ రాదు. మొదట్లో రెండు నిమిషాలకే లేచి ఏదో సర్దేస్తాం. కొన్నాళ్లకు కుదురుతుంది. అప్పుడు స్నేహితురాలు ఫోన్ చేస్తే మాటలు ఇలా నడుస్తాయి.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదే, కూర్చున్నా."

"కూర్చుని?"

"కూర్చున్నా, అంతే."

"ఒంట్లో బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది. నువ్వూ రా, ఇద్దరం కూర్చుందాం."

సెలవు. నమస్కారం.