బూటు కంటే ముందు బాట

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు జతల బూట్లు పెట్టాను. మొదటిదానికి పలచని రబ్బరు సోల్, పైన గుడ్డ, అంతే. రెండోదానికి మడమ కింద రెండు వేళ్ల మందాన ఫోమ్, ఆ ఫోమ్ మధ్యలో కార్బన్ పలక. ఆడవాళ్ల మారథాన్ రికార్డు మాట ఎత్తగానే అందరూ నన్ను ఈ రెండోదాని గురించే అడుగుతారు. రికార్డులు బద్దలవుతున్నది దీనివల్లే కదా అని. దానికి వస్తాను. ముందు ఈ పాత జత దగ్గర కాసేపు ఆగుదాం. నిమిషాలు కుప్పలుగా తగ్గింది ఇలాంటి బూట్లలోనే.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తారు. చివర్లో అలిసి కూలబడ్డారన్న సాకుతో ఆ పోటీనే ఎత్తేశారు. మళ్లీ పెట్టింది 1960లో. 800 మీటర్లకే అంత బెదిరినవాళ్లు 42 కిలోమీటర్లకు ఎలా ఒప్పుకుంటారు? 1964లో స్కాట్లండ్ అమ్మాయి డేల్ గ్రెయిగ్ ఐల్ ఆఫ్ వైట్ మారథాన్‌కు వస్తే, మగవాళ్ల కంటే నాలుగు నిమిషాల ముందే ఆమెను పంపించి, వెనకాల అంబులెన్సు నడిపించారు. ఆమె 3 గంటల 27 నిమిషాల 45 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టింది.

రెండేళ్ల తర్వాత బాస్టన్‌లో బాబీ గిబ్. దరఖాస్తు పెట్టుకుంటే, ఆడవాళ్ల శరీరం అంత దూరానికి తట్టుకోదని నిర్వాహకులు జవాబు రాశారు. అయినా వెళ్లింది. ఆరంభ రేఖకు దగ్గరలో పొదల చాటున కూర్చుని, సగంమంది పరుగువీరులు దాటాక గుంపులో కలిసిపోయింది. ఇక్కడ బూట్ల సంగతి వినాలి. అప్పటికి ఆడవాళ్ల కోసం తయారైన పరుగు బూట్లు బజారులో లేవు. ఆమె సాధన చేసింది నర్సులు తొడుక్కునే తెల్ల తోలు బూట్లతో. పోటీ కోసం మగపిల్లల బూట్లు కొనుక్కుంది. కొత్తవి, ఇంకా కాలికి అలవాటు పడలేదు. చివరి మైళ్లలో పాదాలు పొక్కులెక్కి నడక వేగానికి దిగిపోయింది. అయినా 3:21:40. ఆ పేరు అప్పటి అధికారిక పట్టికలో లేదు. బాస్టన్ ఆడవాళ్లకు తలుపు తీసింది 1972లో.

నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ పొక్కులే. తన పాదానికి సరిపోయే బూటు దొరకకపోవడమూ, తనకు పోటీలో చోటు లేకపోవడమూ ఒకే కారణం వల్ల జరిగాయి. ఆడది పరుగెత్తుతుందని ఎవరూ అనుకోలేదు.

తలుపు తెరిచాక ఏమైందో చూడండి. 1978లో నార్వే టీచరు గ్రేటె వైట్జ్ న్యూయార్క్ వచ్చింది. ట్రాక్ మీద 3000 మీటర్ల మనిషి, మారథాన్ అంత దూరం ఏనాడూ పరుగెత్తలేదు. భర్త నచ్చజెప్పి తీసుకొచ్చాడు. 2:32:30తో ప్రపంచ రికార్డు పెట్టి, ఒళ్లంతా నొప్పులతో, కోపంతో, కాళ్లకున్న బూట్లు విప్పి భర్త మీదికి విసిరింది. ఇంకెప్పుడూ పరుగెత్తనంది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి 2:27:33కి దించింది. 1983లో లండన్‌లో ఆమె 2:25:29 పరుగెత్తిన మర్నాడే బాస్టన్‌లో జోన్ బెనాయిట్ 2:22:43తో దాన్ని దాటేసింది. ఆ బెనాయిటే 1984 లాస్ ఏంజెలెస్‌లో, ఒలింపిక్స్ చరిత్రలో తొలి మహిళల మారథాన్ గెలిచింది. 1985లో ఇంగ్రిడ్ క్రిస్టియాన్‌సెన్ 2:21:06.

లెక్క కడదాం. గ్రెయిగ్ నుంచి క్రిస్టియాన్‌సెన్ దాకా 21 ఏళ్లలో 66 నిమిషాలకు పైగా తగ్గింది. ఈ మధ్యలో బూట్లూ మెరుగయ్యాయి, కాదనను. కానీ గంటకు పైగా సమయాన్ని ఏ ఫోమూ తినెయ్యలేదు. ఎక్కువమంది ఆడవాళ్లు పరుగెత్తారు, శిక్షకులు దొరికారు, గెలిస్తే పతకం ఉంది. తేడా అక్కడ వచ్చింది.

బూటు చేసే పని తక్కువదని నేననడం లేదు. జపాన్ క్రీడాకారిణి నవోకో తకహాషికి రెండు కాళ్ల పొడవులో తేడా ఉండేది. అసిక్స్ అనే బూట్ల కంపెనీలో చేత్తో బూట్లు కుట్టే హితోషి మిమురా ఆ తేడాను సోల్ మందంలో సర్దాడు. ఆమె 2000లో సిడ్నీ ఒలింపిక్స్ మారథాన్‌లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది బెర్లిన్‌లో 2:19:46తో, 2 గంటల 20 నిమిషాల లోపు పరుగెత్తిన తొలి మహిళ అయింది. ఒక మనిషి పాదం కొలిచి ఆ మనిషి కోసమే కుట్టిన బూటు అది.

2003లో లండన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ 2:15:25 పరుగెత్తింది. పదహారేళ్లు దాన్ని ఎవరూ అందుకోలేదు.

ఇప్పుడు ఈ రెండో జత. 2017లో నైకీ వేపర్‌ఫ్లై బజారులోకి వచ్చింది. పెబాక్స్ అనే తేలిక పదార్థంతో చేసిన ఫోమ్, అడుగు పడ్డప్పుడు అణిగి, మింగిన శక్తిలో చాలావరకు తిరిగి ఇస్తుంది. పలక ఆ మెత్తటి ఫోమ్‌ను బిగువుగా ఉంచుతుంది. శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గిందని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఆ పరీక్షలో పరుగెత్తిన 18 మందీ మగవాళ్లే! అరవై ఆరులో మగపిల్లల బూట్లు కొనుక్కున్న బాబీ గిబ్ నాకు మళ్లీ గుర్తొచ్చింది.

2019లో చికాగోలో ఇలాంటి బూట్లతోనే కెన్యా క్రీడాకారిణి బ్రిజిడ్ కోస్గీ 2:14:04. నాలుగు నెలలైనా గడవకముందే, 2020 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమం పెట్టింది: సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, పలక ఒకటే ఉండాలి. 2023లో బెర్లిన్‌లో ఇథియోపియా క్రీడాకారిణి టిగిస్ట్ అసెఫా 2:11:53. ఆమె తొడిగిన అడిడాస్ బూటు బరువు సుమారు 138 గ్రాములు, ధర 500 డాలర్లు. గెలిచాక ఆ బూటు విప్పి, పైకెత్తి ముద్దు పెట్టుకుంది. 2024లో చికాగోలో రూత్ చెప్‌న్‌గెటిచ్ 2:09:56. మరుసటి ఏడాది ఆమె డోపింగ్‌లో, అంటే నిషిద్ధ మందు పరీక్షలో, దొరికి మూడేళ్ల నిషేధానికి గురైంది. దొరికిన నమూనా 2025 మార్చి నాటిది కాబట్టి ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఆ అంకె చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది. దాని కోసం చెమటోడ్చిన మిగతా ఆడవాళ్లు గుర్తొస్తారు.

అంటే 2:15:25 నుంచి 2:09:56 దాకా, అయిదున్నర నిమిషాలు. ఇందులో బూటు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. పెద్దదేనని నా నమ్మకం. మొత్తం తగ్గుదలతో పోలిస్తే మాత్రం చాలా చిన్నది.

నా మాటలయ్యాక ముందుకొచ్చి ఈ రెండు జతలూ చేతిలోకి తీసుకోండి. రెండూ వంచి చూడండి. కొత్తది వంగనని మొరాయిస్తుంది. పాతది రెండుగా మడత పడుతుంది. దాని లోపల చెయ్యి పెట్టి సోల్ తడమండి, కింద బల్ల గట్టిదనం మీ వేళ్లకు తెలుస్తుంది.