టీచర్ కావాలనుకుంటే కాలేజీలో ముందు ఏం చూడాలి?

నమస్కారమండీ. టీచర్ అవుదామనుకునేవాళ్లు కాలేజీ వెతికేటప్పుడు ఫీజు, బిల్డింగు, హాస్టలు, పాస్ శాతం చూస్తారు. చూడొద్దని నేననను. మీరు ఎక్కడ పాఠాలు చెప్పాలనుకుంటున్నారో అక్కడ ఆ డిగ్రీకి గుర్తింపు ఉందా లేదా అన్నది కూడా తప్పకుండా చూసుకోండి. అది లేకపోతే మిగతావన్నీ దండగే. కానీ గుర్తింపు ఉన్న కాలేజీలు నాలుగు మీ ముందుంటే, వాటిలో ఒకటి ఎంచుకోవడానికి నేనడగమనే ప్రశ్న ఇదీ: మీరు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు?

ఎందుకో చెబుతాను. మీరు ట్రైనింగ్‌లో ఉన్నారు, భిన్నాల కూడిక చెబుతున్నారు. ఒక పిల్లవాడు 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశాడు. మీరు అది కొట్టేసి, సరైన పద్ధతి బోర్డు మీద మళ్లీ చేసి చూపించారు. వాడు బుద్ధిగా ఎక్కించుకున్నాడు. బెల్లు కొట్టారు. పాఠం బాగా వచ్చిందనే మీకనిపిస్తుంది. వెనక కూర్చున్న సీనియర్ టీచర్ మాత్రం మిమ్మల్ని పక్కకు పిలిచి, "వాడు పైవాటికి పైవి, కిందవాటికి కిందవి కలిపేశాడమ్మా. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువెలా వస్తుందని వాణ్ణే అడగాల్సింది" అంటారు.

ఈ మాట ఏ నోట్సులోనూ ఉండదు. లెక్క రావడం వేరు, ఆ లెక్కలో పిల్లలు ఎక్కడ తడబడతారో, ఎందుకు తడబడతారో తెలియడం వేరు. ఈ రెండోది టీచర్లకే సొంతమైన జ్ఞానమని, దానిమీద శ్రద్ధ పెట్టాలని లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త 1986లోనే వాదించారు. అది అబ్బాలంటే నిజమైన పిల్లలుండాలి, చూసి చెప్పే మనిషీ ఉండాలి.

ఫిన్లాండ్‌లో టీచర్లను తయారుచేసే యూనివర్సిటీలకు సొంత స్కూళ్లుంటాయి. అక్కడి టీచర్లు పిల్లలకు చెప్పడంతోపాటు ట్రైనీలనూ తీర్చిదిద్దుతారు. మీరు చూసే కాలేజీకి అలాంటిది లేకపోయినా టెన్షన్ పడకండి. ఏ స్కూళ్లకు పంపుతారు, మొదటి ఏడాది నుంచే పంపుతారా, లేక ఆఖర్లో కొన్ని వారాలు పంపి సరిపెడతారా, అవి మాత్రం అడగండి.

మైక్రోటీచింగ్ గురించి కూడా అడగండి. 1960ల్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలైన పద్ధతి ఇది. ఓ చిన్న పాఠం చెప్పాలి, లోపాలు తెలుసుకోవాలి, సరిచేసుకుని మళ్లీ చెప్పాలి. దీనికి ప్రాణం ఆ 'మళ్లీ చెప్పడం'లోనే ఉంది. ఒక్కసారి చెప్పించి మార్కులు వేసేస్తే ఏం లాభం? పైగా ఎదురుగా కూర్చునేది మీ క్లాస్‌మేట్లే అయితే, వాళ్లెవరూ 2/5 అని రాయరు కదా!

ఇవన్నీ ఆఫీసులో అడిగితే అన్నిటికీ 'ఉన్నాయండీ' అనే అంటారు. అందుకే ఫైనలియర్ వాళ్లను పట్టుకోండి. "ఈమధ్య మీరు చెప్పిన పాఠం చూసి మీ సారో మేడమో ఏమన్నారు?" అని అడగండి. ఫలానా చోట ఇలా మార్చమన్నారని వివరంగా చెబితే ఆ కాలేజీకి ధైర్యంగా అప్లై చేయండి. "రికార్డు మీద సంతకం పెట్టారు" అని ఊరుకున్నారంటే, అది మీ ఇంటి పక్కనే ఉన్నా సరే, ఇంకొకటి వెతుక్కోండి.