ఎలక్ట్రాన్ అంటే స్థలంలో పడ్డ మెలికేనా?

[తెరపై: హైడ్రోజన్ పరమాణువు]

నమస్కారం. ప్రోటాన్‌లో క్వార్క్‌లనే ఇంకా చిన్న కణాలు మూడుంటాయి. ఎలక్ట్రాన్‌లో క్వార్క్ అన్నదే లేదు. రెండూ పూర్తిగా వేరు జాతులు. అయినా ఒకదాని ధనావేశానికీ రెండోదాని రుణావేశానికీ చెల్లుకు చెల్లు. ప్రయోగాల్లో కోటి కోట్ల కోట్లలో ఒక వంతు తేడా కూడా కనబడలేదు. ఇది ఊరికే అలా కుదిరిందంటే నాకు మనసొప్పదు.

2005లో ఆస్ట్రేలియా భౌతికశాస్త్రవేత్త సండాన్స్ బిల్సన్-థాంప్సన్ ఒక ఊహ ముందుకు తెచ్చారు. ప్రతి కణమూ మూడు పాయల జడ లాంటిదట. ఒక్కో పాయ ఒక రిబ్బన్. దానికి కుడికో ఎడమకో ఒక మెలిక ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఒక మెలిక అంటే ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు. కుడి మెలికది ధనావేశం, ఎడమ మెలికది రుణావేశం.

[తెరపై: మూడు రిబ్బన్లు, ఒక్కొక్కటీ మెలితిరుగుతూ]

మూడు పాయలూ ఎడమకు తిరిగితే ఎలక్ట్రాన్ అనుకుందాం. మూడూ కుడికి తిరిగితే పాజిట్రాన్, అంటే ధనావేశమున్న ఎలక్ట్రాన్ జోడు. మెలికే లేకపోతే న్యూట్రినో, అంటే ఆవేశమే లేని కణం. రెండు కుడి మెలికలైతే అప్ క్వార్క్, ఒక్క ఎడమ మెలికైతే డౌన్ క్వార్క్. ఇవి క్వార్క్‌లలో రెండు రకాలు. ప్రోటాన్‌లో రెండు అప్‌లు, ఒక డౌన్. అంటే కుడికి నాలుగు, ఎడమకు ఒకటి, పోగా మిగిలేవి మూడు. ఎలక్ట్రాన్‌లో ఎడమకు మూడు. లెక్క సరిపోయింది!

నాకు ఇంకా నచ్చిన సంగతి వేరే ఉంది. ప్రతి క్వార్క్‌కీ మూడు 'రంగుల్లో' ఒకటి ఉంటుంది. ఇవి కంటికి కనబడే రంగులు కావు, క్వార్క్‌లను కలిపి ఉంచే బలమైన కేంద్రక బలానికి సంబంధించిన గుణం. అప్ క్వార్క్‌లో మెలిక లేని పాయ ఎడమన ఉండొచ్చు, మధ్యలో ఉండొచ్చు, కుడిన ఉండొచ్చు. అవే మూడు రంగులు. ఎలక్ట్రాన్ పాయలన్నీ ఒకేలా ఉంటాయి కనక దానికి రంగు లేదు.

మరి ఈ రిబ్బన్లు దేనితో తయారయ్యాయి? ఆ తర్వాత భౌతికశాస్త్రవేత్తలు లీ స్మోలిన్, ఫొటీనీ మార్కొపౌలూలతో కలిసి బిల్సన్-థాంప్సన్ చెప్పిన జవాబు: స్థలంతోనే. గురుత్వాన్ని క్వాంటమ్ నియమాలతో వివరించజూసే లూప్ క్వాంటమ్ గ్రావిటీ సిద్ధాంతం ప్రకారం స్థలం నునుపైన పరుపు కాదు, అతిసూక్ష్మమైన లంకెల వల. ఆ వలలో పడ్డ అల్లికే కణం.

ఇక చిక్కులు. కుడి, ఎడమ మెలికలు ఒకే జడలో కలవకూడదన్నది విడిగా పెట్టుకున్న నియమం. అంతకన్నా పెద్ద లోటు ద్రవ్యరాశి. మ్యూయాన్ ఆవేశం ఎలక్ట్రాన్‌దే, బరువు మాత్రం దాదాపు 207 రెట్లు. మ్యూయాన్‌ది ఇంకాస్త చిక్కటి జడ అంటారు. కానీ ఆ 207 ఎలా వచ్చిందో జడ చెప్పలేకపోతోంది.

ఆవేశాల పొత్తుకు మహా ఏకీకరణ సిద్ధాంతాలు, అంటే విద్యుదయస్కాంత, బలమైన, బలహీన బలాలు మూడూ మూలంలో ఒక్కటేననే సిద్ధాంతాలు కూడా కారణం చూపుతాయి. వాటి ప్రకారం ప్రోటాన్ ఎప్పటికైనా విచ్ఛిన్నం కావాలి. జపాన్‌లో సూపర్-కామియోకాండే అనే భూగర్భ ప్రయోగశాలలో, నీటిలోని ప్రోటాన్ ఏదైనా విచ్ఛిన్నమవుతుందేమోనని, 1996 నుంచి 50 వేల టన్నుల నీటిని కాపు కాస్తున్నారు. ఒక్క ప్రోటాన్ కూడా విచ్ఛిన్నమైనట్టు ఇంతవరకు రుజువు కాలేదు. జడల ఊహకు అలాంటి ప్రయోగమంటూ ఇంకా కుదరలేదు.